గేటు కాడి డప్పు వేదికెక్కితే వయసు గుర్తొచ్చిందా?

"ఈ వయసులో మీకిదేం పోయేకాలం సార్?"

ఈ మాట మమ్మల్ని అడిగినవాళ్ళ లిస్టు పెద్దదే. స్టాఫ్‌రూంలో తోటి ఉపాధ్యాయులు అడిగారు. చుట్టాలు అడిగారు. నాంపల్లి స్టేషన్ ముందు చాయ్ తాగుతుంటే భుజాన గిటార్ సంచి చూసి ఒక పోలీసాయన అడిగాడు. ఆఖరికి మన ఉద్యమ పెద్దలూ అడిగారు. పెద్దలు కాబట్టి కొంచెం మర్యాదగా, "ఇవన్నీ పిల్లగాండ్ల పనులు కదా తమ్మీ" అన్నారు. అందరికీ విడివిడిగా జవాబిచ్చే ఓపిక మాకు లేదు. అందుకే ఈ పత్రికలో ఒక్కసారే చెప్తున్నాం. చదివినవాళ్ళు చదవనివాళ్ళకు చెప్పండి.

ముందు మేమెవరమో చెప్పాలి. అయిదుగురం. ఇద్దరం సర్కారు బడి పంతుళ్ళం. ఒకాయన ఆర్టీసీ కండక్టర్. ఒకాయన రైల్వేలో పని చేస్తాడు. ఒకామె నర్సు. అందరిలోకి చిన్నది ఆమె, నలభై రెండేళ్ళు. పెద్దాయనకు నలభై తొమ్మిది. అయిదిండ్లలోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం మేమే. రెండు డప్పులు, ఒక గిటార్, ఒక బేస్ గిటార్, ఒక గొంతు. గొంతంటే రాగం తీసే గొంతు కాదు, అరిచే గొంతు. శనివారం సాయంత్రాలు అబిడ్స్ వెనక గల్లీలో ఒక ప్రింటింగ్ ప్రెస్సు మేడ మీది గదిలో వాయిస్తాం. కింద మిషన్ నడిచినంతసేపు మా మోత ఎవరికీ పట్టదు. మిషన్ ఆగిందంటే పక్క బిల్డింగు కిటికీలు టపటపా మూసుకుంటాయి. మాకు ఏ పార్టీ లేదు. ఏ ఫౌండేషన్ డబ్బూ లేదు. నెలకు తలా ఆరు వందలు చందా. గది కిరాయి, కరెంటు, గిటార్ తీగలు అందులోనే.

మేం వాయించేదాన్ని పంక్ అంటారు. ఈ పేరు వినగానే మా స్కూల్లో తెలుగు పండితుడు నవ్వి, "పంకమంటే బురద కదయ్యా" అన్నాడు. అవును పంతులుగారూ, బురదే. బురదలో పుట్టిన పువ్వును పంకజం అని పద్యాల్లో నెత్తిన పెట్టుకుంటారు, బురదలో నాటేసే మా అమ్మను మాత్రం వాకిట్లో నిలబెడతారు. ఇంగ్లీషులో కూడా పంక్ అంటే పొగడ్త కాదు. పనికిమాలినవాడు, పోకిరి అని తిట్టు. 1976లో లండన్‌లో పని దొరకని పిల్లలు ఆ తిట్టునే పేరుగా పెట్టుకున్నారు. తిట్టును జెండాగా ఎగరేసుడు మనకేం కొత్త? అణగదొక్కబడ్డవాడు అనే మాటను 1972లో బొంబాయిలో పాంథర్ పక్కన నిలబెట్టినవాళ్ళం కదా!

ఇప్పుడు అసలు సంగతికొస్తాం.

పోయినేడు ఏప్రిల్ 14న నాంపల్లి వైపు ఒక పెద్ద హాలులో అంబేద్కర్ జయంతి సభ. హాలు పేరు రాయం, ఆ సభ పెట్టినవాళ్ళ పేరూ రాయం. పేరు రాస్తే గొడవ ఆ ఒక్క హాలుదే అనుకుంటారు. "మీ డప్పు ట్రూపుతో రండి" అని పిలిచారు. పోయాం. పోతే తెలిసింది ఏమంటే, మమ్మల్ని పిలిచింది గేటు కాడికి! అమాత్యులవారు కారు దిగేటప్పుడు స్వాగతానికి డప్పు కావాలి. లోపల వేదిక మీద మాత్రం దీపం, వీణ, ప్రార్థనా గీతం. నిర్వాహకుల్లో ఒకాయన మా ప్యాంటూ చొక్కా చూసి మొహం చిట్లించాడు. "గట్ల కాదన్నా. పంచె గోచీ పెట్టి, కాళ్ళకు గజ్జెలు, నెత్తికి ఎర్ర రుమాలు కడితే ఫోటోకు బాగుంటది. గిటారేంది, అది లోపల పెట్టున్రి" అన్నాడు. ఆయన మనోడే. అందుకే ఎక్కువ మండింది.

మా రెండు డప్పుల్లో ఒకటి ఫైబర్‌ది, నట్లు బిగిస్తే చాలు. రెండోది తోలుది. కాగబెట్టకపోతే మోగదు. బండ్లు పెట్టే జాగాలో పాత పేపర్లు అంటించి కాగబెడుతుంటే వాచ్‌మన్ తాత ఉరికొచ్చాడు. తిడతాడేమో అనుకున్నాం. మంట దగ్గర కూచుని, డప్పు అంచు మీద వేలు కొట్టి చూసి, "ఇంగో జర కాగాలె. జల్దీ కానియ్యి బిడ్డా, సార్లు చూస్తరు" అన్నాడు. ఆ రోజు ఆ హాలు మొత్తంలో మమ్మల్ని కళాకారులుగా చూసిన మనిషి ఆయనొక్కడే.

అమాత్యులవారు గంటన్నర ఆలస్యం. ఆ గంటన్నరా గేటు కాడ ఎండలో కొట్టాం. ఆయన వచ్చాడు, చెయ్యి ఊపాడు, ఒక సిర్ర తీసుకుని ఫోటోకు రెండు దెబ్బలు కొట్టాడు, లోపలికి పోయాడు. తలుపులు మూసుకున్నాయి. లోపలి నుంచి వీణ వినిపించింది.

అప్పుడు మేం లోపలికి పోయాం. రెండు ఉపన్యాసాల మధ్య ఎవరూ పిలవకుండానే వేదికెక్కాం. పాట మొదలుపెట్టాం. పంక్ పాట రెండు నిమిషాలకు మించదు, మొత్తం మూడు కార్డులు, ఆలాపన ఉండదు. మా పాట కూడా అంతే. గేటు కాడ ఎవరుంటారు, లోపల ఎవరుంటారు అనేదే అందులో సంగతి. నలభై సెకండ్లకు మైకు కోశారు. గిటార్ చచ్చిపోయింది. కానీ డప్పుకు మైకెందుకు? ఊరవతల నుంచి ఊరంతటికీ వినపడాలని కదా దాన్ని మా చేతికిచ్చింది! మిగతా నిమిషమూ డప్పులు, గొంతు. వెనక వరసల్లోని పిల్లలు కుర్చీలెక్కారు. ముందు వరసల్లోని పెద్దలు చెవులు మూసుకున్నారు. దిగి వస్తుంటే ఒకాయన, రిటైరైన పెద్ద అధికారి, మా నర్సక్కను పట్టుకుని అన్నాడు: "ఆడపిల్లవు, పైగా ఈ వయసులో, ఏంటమ్మా ఈ అరుపులు?"

అదిగో, మళ్ళీ వయసు.

అయ్యా, వయసు గురించి మీతో తీరిగ్గా మాట్లాడాలి.

మాలో ఒకరి నాయన మెదక్ జిల్లాలో ఒక పల్లెలో అరవై నాలుగేళ్ళ వయసులో పటేలింటి చావుకు డప్పు కొట్టాడు. ఇంటి నుంచి వాగు దాకా రెండు మైళ్ళు. ఎండ. మోకాళ్ళు వాచి ఉన్నాయి. చెప్పులు లేవు, ఉన్నా శవం ముందు ఏసుకోనియ్యరు. ఆ రెండు మైళ్ళలో ఒక్క నోరు "ఈ వయసులో నీకెందుకు, కూచో తాతా" అనలేదు. కొట్టనంటే మాత్రం అందరికీ నోళ్ళు లేచేవి. డప్పు కొట్టమని మొండికేసిన వాడలకు కూలి బందు, కిరాణా బందు, బాట బందు. మీరు ఆడమన్నప్పుడు మాకు వయసు లేదు. మేం ఆడదలుచుకున్నప్పుడే వయసొస్తదా?

అదే హాలులో అరవై అయిదేళ్ళ విద్వాంసుడు మూడు గంటలు కచేరీ చేస్తే పరిణతి అంటారు, పండిన గాత్రం అంటారు, షష్టిపూర్తికి శాలువా కప్పుతారు. మా స్కూల్లోనే ఒక సారు అన్నమయ్య కీర్తనలు పాడటానికి పోతే ఆన్ డ్యూటీ ఇస్తారు. ఆయనంటే మాకు కోపం లేదు, మంచివాడు, బాగా పాడతాడు. ఆయనకు పెరిగే కొద్దీ విలువ పెంచే వయసు, మాకు పెరిగే కొద్దీ సిగ్గు ఎట్ల పెంచుతదో చెప్పమంటున్నాం.

నడివయసు అంటున్నారు కదా. ఎవరి నడివయసు? ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018లో ఒక నివేదిక వేసింది. ఈ దేశంలో దళిత స్త్రీ చావు సగటున 39.5 ఏళ్ళకు, పై కులాల స్త్రీ చావు 54.1 ఏళ్ళకు అని లెక్క చెప్పింది. తేడా 14.6 ఏళ్ళు. ఆ లెక్కన మా నర్సక్క నడివయసు ఇరవైలోనే దాటిపోయింది. ఇప్పుడామె బతుకుతున్నది లెక్కకు మించిన ఏళ్ళు. ఆ ఏళ్ళను ఆమె గట్టిగా అరిచి ఖర్చు పెట్టుకుంటానంటే అడ్డం పడేదానికి మీరెవరు? పక్క రాష్ట్రం ఆంధ్రలో యాభై నిండిన డప్పు కళాకారునికి పింఛనిస్తారు. మంచిదే, ఇయ్యాలె. అందరికీ అరవైకి వచ్చే ముసలితనం డప్పు కొట్టేవాడికి పదేండ్లు ముందే వస్తదని సర్కారే ఒప్పుకున్నట్టు కదా అది?

మన కవుల్ని చూడండి. 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనం వచ్చినప్పుడు మేం ఇంకా పెద్ద బళ్ళలో, హాస్టళ్ళలో ఉన్నాం. ఆ గొంతులు విని, ఇది కవిత్వం కాదు, తిట్లు అన్నారు ఆనాటి పెద్దలు. మద్దూరి నగేష్‌బాబు 2005లో పోయాడు. కలేకూరి ప్రసాద్ 2013లో. పైడి తెరేష్‌బాబు 2014లో. ఒక్కరూ అరవై చూడలేదు. ఈ అబిడ్స్‌కు కూతవేటు దూరంలో, కోఠి, చాదర్‌ఘాట్ వీధుల్లో ఆది హిందూ ఉద్యమం కట్టిన భాగ్యరెడ్డి వర్మ, 1906లో జగన్ మిత్ర మండలి పెట్టి హరికథలు చెప్పించి వాడల్ని కదిలించినవాడు, 1939లో పోయేనాటికి ఆయనకు యాభై. గొంతెత్తిన మనవాళ్ళకు ముసలితనం అరుదు. అందుకే నలభైల్లో ఉన్న మాకు ఎవరైనా "ఇక నెమ్మదించండి" అంటే భయమేస్తది.

అయినా ఇరవైల్లో ఎందుకు వాయించలేదు అంటారా? మంచి ప్రశ్న. ఇరవైల్లో మేం స్కాలర్‌షిప్ రాక మెస్ బిల్లు కట్టలేక తిరుగుతున్నాం. డి.ఎస్.సి. గైడు కొనటానికి డబ్బుల్లేక ముగ్గురం కలిసి ఒకటి కొని చింపుకుని పంచుకున్నాం. ముప్పైల్లో చెల్లెండ్ల పెండ్లిళ్ళు, నాయన ఆపరేషన్, ఇంటి అప్పు. గిటార్ పట్టేటందుకు చెయ్యి ఖాళీ అయ్యేసరికి వేళ్ళ కణుపులు నొప్పి మొదలైంది. కాలనీ పిల్లగాడికి పదిహేడో ఏట నాయన గిటార్ కొనిస్తాడు. పదిహేడుకు తిరుగుబాటు, పాతికకు అమెరికా. వాడి తిరుగుబాటుకు రిటైర్మెంటు కూడా ఉంటది. మాకు వయసు ఆలస్యంగా వచ్చింది. కులం ఆలస్యం చేసింది.

మాకు పంక్ ఎక్కడ దొరికిందో చెప్తే నవ్వుతారు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద. ఆదివారం పెద్ద షాపులు షట్టర్లు దించుకుంటే వాటి ముందు పాత పుస్తకాలు పరుచుకుంటాయి కదా, మనలో చాలామంది చదువు అక్కడిదే. 1999లో బి.ఇడి. చదివే మా ఒకరికి గైడ్ల కుప్పలో అట్ట చిరిగిన ఒక ఇంగ్లీషు సంగీత పత్రిక దొరికింది. లోపల ఒక ఫోటో. పండ్లకు కమ్మీలు కట్టుకున్న ఒక నల్లపిల్ల మైకు పట్టుకుని అరుస్తోంది. పేరు పోలీ స్టైరీన్. తండ్రి సోమాలీ, తల్లి తెల్లామె. 1976లో పందొమ్మిదో పుట్టినరోజున సెక్స్ పిస్టల్స్ అనే బృందం వాయిస్తుంటే చూసి, "ఇదైతే నేనూ చేస్తా" అనుకుని పత్రికలో ప్రకటన ఇచ్చి బ్యాండ్ కట్టింది. సంగీతం నేర్చిరా అని ఎవరూ అనలేదు. గురువు కాళ్ళు పట్టలేదు. పంక్‌లో మమ్మల్ని పట్టేసింది అదే. గురువు బొటనవేలు అడగని సంగీతం ఒకటి లోకంలో ఉందా అని! ఆమె మళ్ళీ 2008లో లండన్ రౌండ్‌హౌస్ హాలులో అదే బ్యాండ్‌తో పాడింది. అప్పటికి యాభై ఒకటి. మూడేళ్ళకు చనిపోయింది.

ఇంకో కథ చెప్పాలి, ఇది మాకు మరీ ఇష్టం. అమెరికాలో డెట్రాయిట్ అనే కార్ల ఫ్యాక్టరీల ఊరు. అక్కడ హాక్నీ ఇంటిపేరు గల ముగ్గురు నల్ల అన్నదమ్ములు, డేవిడ్, డానిస్, బాబీ. లండన్ పిల్లలకన్నా ముందే, 1975లోనే ఈ మోత మోగించి రికార్డు చేశారు. బ్యాండ్ పేరు డెత్. చావు! రికార్డు కంపెనీ పెద్దమనిషి క్లైవ్ డేవిస్ పేరు మార్చుకోమన్నాడు. మార్చమన్నారు. మీరు డప్పు ముందు చావు అనే మాట ఎత్తి చూడండి, అప్పుడు తెలుస్తుంది మాకు ఆ పేరు ఎందుకు అంత దగ్గరిదో. నల్లవాళ్ళయి ఉండి నల్లవాళ్ళ పాటలు పాడకుండా ఈ గోలేంటని చుట్టుపక్కలవాళ్ళూ అన్నారు. 1976లో సొంత డబ్బుతో అయిదొందల రికార్డులు వేసుకున్నారు. ఎవరూ వినలేదు. బ్యాండ్ ఆగిపోయింది. 2000లో పెద్దాయన డేవిడ్ కేన్సర్‌తో పోయాడు. 2009లో ఆ పాత టేపులు ఆల్బంగా బయటికొచ్చాయి. మూడున్నర దశాబ్దాలు అటక మీద! అప్పుడు మిగిలిన ఇద్దరు తమ్ముళ్ళు యాభైల్లో మళ్ళీ వేదికెక్కి ఆ పాటలే వాయించారు. "ఈ వయసులో" అని వాళ్ళనూ ఎవరైనా అడిగే ఉంటారు. కానీ ఆ ఆలస్యం వాళ్ళు చేసిందా?

"అదంతా విదేశీ మోజు" అంటాడు మా తెలుగు పండితుడే. అయ్యా, కర్ణాటక కచేరీలో మీ పక్కన కూచున్న ఫిడేలు ఏ అగ్రహారంలో మొలిచింది? తెల్లవాళ్ళ దగ్గర నేర్చి బాలుస్వామి దీక్షితులు దాన్ని కచేరీకి తెచ్చాడు. మీ భజనలో హార్మోనియం ఫ్రాన్సు నుంచి వచ్చింది. ఆలిండియా రేడియో 1940లో దాన్ని నిషేధించి, 1971 దాకా సడలించలేదు. ఆ రెండూ ఒళ్ళో కూచోబెట్టుకున్నాక సంప్రదాయం అయిపోయాయి. మా గిటార్ మాత్రం విదేశీ! మా గిటారాయన అది నేర్చింది పల్లె చర్చి కొయిర్‌లో. మనవాళ్ళలో ఎంతమందికి చర్చే మొదటి సంగీత పాఠశాల, చెప్పండి. గుడి మెట్లెక్కనియ్యకుండా, చర్చిలో నేర్చింది విదేశీ అంటే ఎక్కడ నేర్చుకోవాలె?

ఇక రెండో రకం వాళ్ళున్నారు. జూబిలీ హిల్స్ పబ్బుల్లో ఇంగ్లీషులో పంక్ వాయించే పిల్లలు. వాళ్ళు మమ్మల్ని చూసి "వావ్ అంకుల్" అంటారు. చిరిగిన ప్యాంటు మూడు వేలు పెట్టి కొంటారు. చిరిగిన ప్యాంటుతో బడికి పోయి దెబ్బలు తిన్న మాకు ఆ ఫ్యాషన్ అర్థం కాదు. వాళ్ళ మీద ఇంతకన్నా సిరా ఖర్చు పెట్టం. మద్రాసులో 2018 జనవరిలో పా. రంజిత్ పూనికతో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ వేదికెక్కింది. పరై, గానా, గిటార్ ఒక్క చోట మోగినప్పుడు వేలాది మంది విన్నారు. అరవంలో అయ్యింది తెలుగులో ఎందుకు కాదు?

శబ్దం గురించీ ఫిర్యాదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు మాకు చూపిస్తున్నారు. చదివాం. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ వద్దని ఉంది. మేం ఎనిమిదిన్నరకే ఆపి బస్సులకు పోతాం. నుమాయిష్ రోజుల్లో నాంపల్లంతా మైకుల హోరే, ఎవరూ చెవులు మూసుకోరు. పెండ్లి బారాత్‌లో మార్ఫా మోగితే నోట్లు చల్లుతారు. ఆ మార్ఫా మనకిచ్చిన ఏసీ గార్డ్స్ సిద్దీలు ఆఫ్రికా మూలాలవాళ్ళు, నిజాం కొలువులో గుర్రపు దళం వాళ్ళ సంతతి. నల్లవాడి డప్పు పెండ్లిలో మోగితే సంబురం, వేదిక మీద మోగితే కాలుష్యం.

బయటివాళ్ళతో అయిపోయింది. ఇప్పుడు మనవాళ్ళతో. ఇది రాయటం కష్టంగానే ఉంది.

అన్నలారా, అక్కలారా, మీటింగులకు మమ్మల్ని పిలిచేటప్పుడు ఏమంటారు? "జనం కూడేదాకా పాడండి." జనం కూడాక? "ఇక చాలు, దిగండి." పాట మీకు జనాన్ని పిలిచే గంట. అసలు సంగతి ఉపన్యాసంలో ఉందని మీ నమ్మకం. మూడు గంటల ఉపన్యాసాల తరువాత జనం ఇంటికి ఏది గుర్తుంచుకుని పోతున్నారో ఎప్పుడైనా బస్సులో వెనక సీట్లో కూచుని విన్నారా? 2023 ఆగస్టు 7న ఎల్బీ స్టేడియంలో గద్దర్ భౌతికకాయం ముందు నిలబడ్డ వేల మంది కోసం ఉపన్యాసం అక్కరలేకపోయింది. ఎవరి డప్పు వాళ్ళు తెచ్చుకున్నారు. మాలో ముగ్గురం ఒకరికొకరం తెలియకుండానే అక్కడికి పోయి, అక్కడే కలిశాం. ఈ బ్యాండ్ పుట్టింది ఆ జనంలో. డెబ్బై దాటినా ఆ మనిషి కాళ్ళు ఆగలేదు. సర్కారు తుపాకులు పేల్చి గౌరవించింది కూడా. 1997లో అదే మనిషి ఒంట్లోకి తూటాలు దిగినయి, అది వేరే సంగతి.

చదువుకున్న మనలో ఇంకో జబ్బు ఉంది. ఉద్యోగం రాగానే డప్పును అటకెక్కిస్తాం. అది వెట్టి గుర్తు, అవమానం గుర్తు అంటాం. నిజమే. వెట్టి డప్పు కొట్టనని కింద పడేసిన మన పెద్దల తెగువ చిన్నది కాదు, దానికి దండం. కానీ కొందరు వెట్టిని పడేయబోయి డప్పును కూడా పడేశారు. మరికొందరు గేటు కాడ ఎర్ర రుమాలు కట్టి మళ్ళీ వెట్టికే ఎత్తుకున్నారు. మేం ఈ రెండింటికీ ఒప్పుకోం.

మా గదిలో గొడవలు లేవనుకోకండి. మాలో మాదిగలున్నాం, మాలలున్నాం. 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు మూడు శనివారాలు ప్రాక్టీసు లేదు. నాలుగో శనివారం వచ్చాం, వాయించలేదు, కొట్లాడుకున్నాం. మాల మిత్రుడు "మన డప్పు" అన్నాడు. మాదిగ మిత్రుడు అడిగాడు: "ఎప్పటి నుంచి మనది? తోలు ఊనింది మేము, చావుకు నడిచింది మేము, మీ వాడలో కూడా పెండ్లికి కొట్టి పక్కన నిలబడ్డది మేము. పేరొచ్చినంక మనదైందా?" జవాబు లేదు. నిజంగానే లేదు. 1994లో దండోరా లేచింది ఆ ప్రశ్నతోనే కదా. ఇప్పుడు మా పాటల్లో ఒకటి ఆ ప్రశ్న మీదే ఉంది. దాన్ని మాల మిత్రుడే అరుస్తాడు. ఇది ఐక్యత అని మేం చెప్పుకోం. గొడవ పడుతూ వాయిస్తున్నాం, అంతే. నర్సక్క గొడవ వేరే. డప్పు మగవాళ్ళదని ఆమెకు చిన్నప్పుడు ఇయ్యలేదు. నలభై ఏళ్ళకు పట్టింది. ఇంట్లో మొదట నాయనే, "ఆడదాని చేతిల సిర్రేంది" అన్నాడట. మనం మనువును తిట్టేటప్పుడు ఈ నాయన్ని కూడా లెక్కలో రాసుకోవాలి.

ఇంకొక్క మాట, ఈ పత్రిక గురించే. 1976లో లండన్‌లో మార్క్ పెర్రీ అనే కుర్రాడు స్నిఫిన్ గ్లూ అనే పేరుతో ఒక పత్రిక పెట్టాడు. టైపు కొట్టి, జిరాక్సు తీసి, పిన్ను కొట్టి అమ్మాడు. పెద్ద పత్రికలు పట్టించుకోని పంక్ బ్యాండ్ల గురించి రాశాడు. వ్యాకరణం బాగోలేదని ఎవరూ చదవటం మానలేదు. మీ చేతిలో ఉన్న ఈ కాగితాలు అవి కావా? చందాలతో నడిచే, అచ్చుతప్పులతో వచ్చే, అమ్మటానికి మనమే సంచీలో వేసుకుని తిరిగే పత్రిక పంక్ అయినప్పుడు, దాన్ని చదివే మీరు గిటార్ చూసి ఎందుకు ఉలికిపడతారు?

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నామంటే, ఆ రోజు ఎవరో సెల్‌ఫోన్‌లో తీసిన రెండు నిమిషాల వీడియో తిరిగి తిరిగి మా పైవాళ్ళ దగ్గరికి చేరింది. మాలో ఇద్దరు పంతుళ్ళకు మెమో వచ్చింది. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం, ఉపాధ్యాయ వృత్తి గౌరవానికి భంగం కలిగేలా బహిరంగ వేదిక మీద ప్రవర్తించినందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇయ్యాలట. ఏ కార్యాలయమో రాయం. ఇంక్రిమెంటు ఆపొచ్చు, బదిలీ చేయొచ్చు, ఏమైనా చేయొచ్చు. ఇంటి అప్పు ఇంకా ఆరేళ్ళుంది. భయం లేదని గొప్పలు చెప్పం. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

మూడో రోజు సంజాయిషీ రాశాం. అదే నియమావళిలో, డ్యూటీకి ఇబ్బంది లేకుండా, ప్రతిఫలం లేకుండా అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా పనికి అనుమతి అక్కరలేదని ఉన్న సంగతి ఎత్తి రాశాం. ఆ రోజు సెలవు దినమని రాశాం. పైసా తీసుకోలేదని రాశాం. అదే సభలో గేటు కాడ గంటన్నర డప్పు కొట్టినప్పుడు మా వృత్తి గౌరవానికి భంగం కలిగిందో లేదో తెలియజేయగలరని రాశాం. గేటు కాడ భంగం కలగకుండా, లోపల రెండు నిమిషాలకే ఎట్లా కలిగిందో కూడా తెలియజేయగలరని రాసి, ఇద్దరం సంతకాలు పెట్టి, రసీదు తీసుకుని వచ్చాం.

జవాబు ఇంకా రాలేదు. ప్రాక్టీసు మాత్రం ఆగలేదు. శనివారం ఆరింటికి, అబిడ్స్ వెనక గల్లీ, ప్రెస్సు పక్క మెట్లు. పైన బల్లలు లేవు, కింద కూచోవాలె. తోలు డప్పు తెచ్చేవాళ్ళు అగ్గిపెట్టె, పాత పేపర్లు మీరే తెచ్చుకోండి. మెట్ల కింద జాగా ఉంది.

జై భీం.